ఇతర భాగం

గడియారం సెంటర్ కాడ, జిరాక్సు షాపు మీద రెండో అంతస్తు.
లోపల పదకొండు మందిమి, తొమ్మిది కుర్చీలు.
కరెంటు పోతే జంగయ్య సారు ఆగడు,
చీకట్లనే అడుగుతడు: షుగరు?
రెండు యాభై పాయింటు సున్న సున్న, అందరం ఒక్క గొంతుతోని.
బీపీ?
నాలుగు సున్న ఒకటి పాయింటు తొమ్మిది.

మర్రిగూడ బస్సుల కమ్మీ పట్టుకొని
ఎనిమిది నెలలు ఇదే వల్లె వేసిన.
కండక్టరు టికెట్ చింపిస్తే
నంబరు చూసి, ఇదేం రోగమో అనుకునేదాన్ని.

ఆ యేడు బతుకమ్మకు ముందర చెప్పిండు సారు:
"అక్టోబర్ ఒకటి నుంచి ఈ పుస్తకం చెల్లది."

కొత్తది ఇటుకంత మందం.
ప్రతి రోగానికీ ముందట ఒక అక్షరం.
షుగరు 'ఇ' పదకొండుకు పోయింది,
బీపీ 'ఐ' పదికి.
"పాపం, పాయింటు గూడ మిగల్లే" అన్నది నస్రీన్.
ఆవు తంతే ఒక కోడు, పంది కరిస్తే ఒకటి,
బాతు గుద్దితే ఒకటి.
కడుపు పట్టుకొని నవ్వినం.
సారు నవ్వలే.
పన్నెండేండ్లు నోటికి చెప్పిన పాఠం ఆయనది.
ఇప్పుడు మా ఎదురుంగనే కూసొని
అద్దాలు ముక్కు మీదికి జార్చి
పెదవులు కదుపుకుంట వెతుక్కుంటున్నడు,
ఒకటో తరగతి పిలగాని లెక్క.

"ఎడమనా కుడినా రాయాలె.
మొదటిసారి వచ్చిండా, మళ్ళొచ్చిండా,
పాత దెబ్బ వదిలిపోయిన బాధనా, అది గూడ.
లేకుంటే బిల్లు వాపసు."

ఆ సాయంత్రం మిర్చి బజ్జీలు కట్టిచ్చిన కాయితం
మా పాత పుస్తకందే.
నూనె మరకల కింద గుండె జబ్బులు కనవడ్డయి.
ఒక్కొక్కటీ ఇంకా నాకు నోటికే వస్తున్నది.

పాత పుస్తకంల మా ఊరు పండ్ల దాకనే ఉండె.
ఐదు ఇరవై పాయింటు మూడు, గార పండ్లు.
ఎముకల కాడికొస్తే
ఆఖరికి తొంభై తొమ్మిది తగిలించి
'ఇతరాల'ల తోసేది.
కొత్తదాంట్ల ఎం ఎనభై అయిదు పాయింటు ఒకటి.
ఎముకల ఫ్లోరోసిస్ అని పేరు పెట్టి రాసిండ్రు.
భుజం, ముంజేయి, తొడ, పిక్క,
ఒక్కోదానికి కుడి, ఎడమ.
బస్సుల ఆ పేజీ మూడుసార్లు తెరిచి మూసిన,
పేపర్ల మనోళ్ళ ఫొటో పడ్డట్టు.
నస్రీనుకు గూడ చూపలే.

సాలవ్వ ట్యాంకరు కోసం బిందె పెట్టుకొని కూసుంది.
"అవ్వా, ఏ కాలు నొస్తది?"
"నొయ్యనిదేదో నువ్వు చెప్పు బిడ్డా,
దాని మీదనే నిలబడత."
"చెయ్యి?"
"బువ్వ తినే దిక్కు."
రాసుకున్న: ముంజేయి, కుడి.
పిక్క, ఎడమ. పిక్క, కుడి.

ఇగ నడుము.
ఆమె తలెత్తి మొగులు చూసి ముప్పయ్యేండ్లాయె.
వాన వస్తదా అంటే
చీమల్ని చూసి చెప్తది.
ఆ నడుము కోసం వెతికిన.
భుజం ఉన్నది. మడమ ఉన్నది.
అరచెయ్యి ఉన్నది.
పేజీ కింద, ఎనిమిదో అంకె కాడ దొరికింది:
ఇతర భాగం.

అవ్వ అడిగింది, "ఏం రాసినవే?"
"నడుము అని రాసిన" అన్న.

ట్యాంకరు హారను కొట్టింది.
ఆమె బిందె నేను పట్టిన.

ఇప్పుడు రోజుకు నూట ఇరవై చార్టులు.
ఎన్నడూ చూడని ఊర్ల మోకాళ్ళు, కిడ్నీలు,
మంచు మీద జారిపడ్డ ముసలోళ్ళు,
కుడి, ఎడమ, మొదటిసారి, మళ్ళ.
మూడేండ్లల్ల ఒక్క చార్టుల గూడ
ఎం ఎనభై అయిదు పాయింటు ఒకటి రాలే.
వేళ్ళకు మాత్రం అది ఎక్కడున్నదో ఎరుకే.
నడుము దగ్గర ఎనిమిది.